హైబ్రిడ్ కారు బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది, దాని వల్ల భూమికి నష్టమెంత?

మీరు ఉప్పల్‌లో ఉంటూ గచ్చిబౌలిలో ఉద్యోగానికి రానూపోనూ దాదాపు 55 కిలోమీటర్లు తిరుగుతున్నానని, పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారు కొనాలనుకుంటున్నానని రాశారు. ఐదేళ్లకు బ్యాటరీ పోతుందని, అప్పుడు కొత్త బ్యాటరీకి కారు ఖరీదులో సగం పెట్టాల్సి వస్తుందని మీ బావగారు అంటున్నారు. ఆ బ్యాటరీని తయారు చేయడంలో అయ్యే కాలుష్యం, కారు జీవితకాలంలో మిగిల్చే పెట్రోలు కంటే ఎక్కువని మీ ఆఫీసు మిత్రుడు అంటున్నారు. ఈ రెండు మాటల్లో నిజమెంతో చెప్పమని అడిగారు. నేను ఇరవై రెండేళ్లుగా ఈ రకం వాహనాల మరమ్మతుల్లోనే ఉన్నాను. మొదటి పదకొండేళ్లు కాలిఫోర్నియాలో, ఆ తర్వాత హైదరాబాద్‌లో పనిచేశాను. కాబట్టి కొంత విప్పి చూసిన అనుభవంతో, కొంత కాగితం మీద లెక్క వేసి జవాబు రాస్తున్నాను.

రెండు భయాలకూ మూలం ఒక్కటే. మనకు బ్యాటరీ అనగానే చేతిలోని ఫోన్, లేదా పూర్తిగా కరెంటుతో నడిచే కారు గుర్తుకొస్తాయి. హైబ్రిడ్‌లో ఉండే బ్యాటరీ పరిమాణంలోనూ, చేసే పనిలోనూ ఈ రెండింటికీ దూరం. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్. ఒకటిన్నర టన్నుల ఏసీ అరగంట నడిస్తే అయిపోయేంత కరెంటు అది. అదే పరిమాణంలో ఉండే పూర్తి విద్యుత్ కారులో 40 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది. అంటే యాభై రెట్లకు పైగా తేడా. ఈ ఒక్క సంఖ్యను మనసులో పెట్టుకుంటే మిగతా విషయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అంత చిన్న బ్యాటరీ ఏం చేస్తుందన్నది తర్వాతి ప్రశ్న. కిరాణా కొట్టు గల్లాపెట్టెలోని చిల్లరతో దాన్ని పోల్చవచ్చు. కొట్టు నడిచేది ఆ చిల్లర మీద కాదు, కానీ చిల్లర లేకపోతే ప్రతి బేరానికీ ఇబ్బందే. బ్రేకు వేసినప్పుడు వేడిగా వృథా అయ్యే శక్తిని మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీలో వేస్తుంది; సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు, మెల్లగా పాకేటప్పుడు అదే కరెంటు తిరిగి బయటికి వస్తుంది. ఇంజన్‌కు అత్యంత అసమర్థమైన పని ఆ పాకుడే కాబట్టి ఆ సమయంలో దాన్ని ఆపేయడంలోనే ఆదా అంతా ఉంది. తెలివైన కొట్టు యజమాని చిల్లర పూర్తిగా అయిపోనివ్వడు, పెట్టె నిండా పేర్చుకోడు కూడా. హైబ్రిడ్ కంప్యూటర్ కూడా అంతే: టయోటా తాను వాడే నికెల్ మెటల్ హైడ్రైడ్ అనే ఇంకో రకం బ్యాటరీలను సుమారు 40 నుంచి 80 శాతం మధ్యనే తిప్పుతుంది. తెరమీద గీతలన్నీ నిండినట్టు కనిపించినా బ్యాటరీ నిజంగా పూర్తిగా నిండదు, ఒక్క గీతే మిగిలినా పూర్తిగా ఖాళీ కాదు. ఫోన్‌ను మనం రోజూ సున్నా దాకా వాడి నూటికి నూరు శాతం నింపుతాం, అందుకే అది మూడేళ్లకు డీలా పడుతుంది. పైపైన చేసే చిన్న చిన్న ఊపులను బ్యాటరీ లక్షల సంఖ్యలో తట్టుకుంటుంది. దాన్ని అలసిపోయేలా చేసేది లోతుగా తీయడం, అంచుదాకా నింపడం.

ఇది సిద్ధాంతం మాత్రమే కాదనడానికి పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. టయోటా వారి హైబ్రిడ్ కారు ప్రియస్ మొదటిసారి 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. 2017 జనవరి నాటికి టయోటా ప్రపంచవ్యాప్తంగా అమ్మిన హైబ్రిడ్‌ల సంఖ్య కోటి దాటింది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో చేసిన పరీక్ష నాకు ఇష్టమైన ఉదాహరణ. మొదటి నుంచీ ఉన్న బ్యాటరీతోనే దాదాపు 3,30,000 కిలోమీటర్లు తిరిగిన 2002 నాటి ప్రియస్‌ను వారు తెచ్చి, పదేళ్ల కిందట కొత్త కారు మీద తాము చేసిన పరీక్షలనే మళ్లీ చేశారు. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒక్క కారును చూసి సూత్రం కట్టకూడదు, నిజమే. కానీ కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్గార నిబంధనల వల్ల అక్కడ అనేక హైబ్రిడ్‌ల బ్యాటరీలకు పదేళ్లు లేదా 1,50,000 మైళ్ల, అంటే దాదాపు 2,40,000 కిలోమీటర్ల, వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. ఐదేళ్లకు పోయే వస్తువుకు అంతటి వారంటీ ఇస్తే ఏ కంపెనీ అయినా దివాలా తీస్తుంది. మన దేశంలో హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా బ్యాటరీలకు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. మీరు ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగినా ఎనిమిదేళ్లకు 1,20,000 దాటరు, కాబట్టి మీ విషయంలో వారంటీని ముగించేది కాలమే.

అయితే మీ బావగారి మాట గాలిలోంచి పుట్టింది కాదు. 2006 నుంచి వచ్చిన హోండా సివిక్ హైబ్రిడ్‌లలో చాలావాటికి బ్యాటరీ ముందుగానే బలహీనపడింది. 2008లో ఆ కారును మన దేశంలోనూ అమ్మారు. ఆ బ్యాటరీ కూడా నికెల్ మెటల్ హైడ్రైడే, రసాయనం వేరు కాదు. కానీ ఇంజన్‌కు, గేర్‌బాక్సుకు మధ్య ఒకే పల్చటి మోటారు ఉండే ఆ అమరికలో, వేడి ప్రాంతంలో, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో బ్యాటరీకి తగినంత ఛార్జి అందేది కాదు. నడుస్తుండగానే బ్యాటరీ ఛార్జి చూపే మీటరు ఒక్కసారిగా కిందికి పడిపోయేది. 2010లో కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి బ్యాటరీ వాడకాన్ని తగ్గించింది, దాంతో మైలేజీ తగ్గిందని యజమానులు కోర్టుకెక్కారు. నేను ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో ఉన్నాను. ఒకే షెడ్డులో, ఒకే రసాయనంతో చేసిన రెండు కంపెనీల బ్యాటరీలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదాని వయసు ఇంకోదానికి రెట్టింపు ఉండేది. ఆయుష్షును నిర్ణయించేది రసాయనం కంటే దాన్ని ఎవరు ఎలా కాపాడుతున్నారన్నదే అని నాకు అక్కడే తెలిసొచ్చింది.

ఆ కాపాడే పనిలో సగం కంపెనీది, సగం మనది. మన సగంలో మొదటిది వేడి. బ్యాటరీ లోపల జరిగే అవాంఛిత రసాయన చర్యలన్నీ ఉష్ణోగ్రతతో పాటు వేగం పుంజుకుంటాయి. స్థూలంగా ప్రతి పది డిగ్రీలకు ఆ వేగం రెట్టింపు అవుతుందని మేము లెక్క వేసుకుంటాం. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. నలభై రెండు డిగ్రీల ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపల అరవై డిగ్రీలు దాటుతుంది. చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీని చల్లబరిచేది ప్రత్యేకమైన ద్రవం కాదు, మీరు పీల్చే కారు లోపలి గాలే. సీటు పక్కనో కిందనో ఉన్న జాలీ గుండా ఒక చిన్న ఫ్యాను ఆ గాలిని లాగి బ్యాటరీ సందుల్లోంచి పంపుతుంది. కాబట్టి ఎండలో నిలిపిన కారు ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి, తర్వాత ఏసీ వేసుకుని బయలుదేరితే మీతో పాటు బ్యాటరీ కూడా చల్లబడుతుంది. పెట్రోలు మిగులుతుందని ఏసీ ఆపేసి చెమటలు కక్కుతూ నడిపేవారు, తమకు తెలియకుండానే బ్యాటరీ వయసును ఖర్చు చేస్తున్నారు.

ఆ జాలీ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన హైబ్రిడ్‌లలో నివారించదగ్గ నష్టం ఎక్కువగా అక్కడే జరిగింది. ఖమ్మం వైపు నుంచి ఒక కుటుంబం కారు తెచ్చింది. ఆరేళ్లు కూడా నిండలేదు, తెర మీద హైబ్రిడ్ వ్యవస్థ హెచ్చరిక వెలిగింది. వెనుక సీటులో పెద్దావిడకు నడుం నొప్పి అని ఒక దూది పరుపు శాశ్వతంగా పరిచి ఉంచారు. దాని అంచు సరిగ్గా జాలీని మూసింది. లోపల వడపోత గుడ్డను బయటికి తీస్తే దూది, దుమ్ము కలిసి పలుచటి చాప లాగా ఊడి వచ్చింది. ఫ్యాను రెండేళ్లుగా ఆ చాప గుండా గాలి పీల్చడానికి పెనుగులాడి ఉంటుంది. వడపోత శుభ్రం చేయడానికి పట్టే సమయం పది నిమిషాలు. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇంజన్ ఆయిలు గురించి అడిగినట్టే, బ్యాటరీ గాలి వడపోత తీసి చూశారా అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే చాలాచోట్ల దాని జోలికి పోరు.

రెండవది మనకు డ్రైవింగ్ స్కూల్లోనే అబ్బిన అలవాటు. సిగ్నల్ పడగానే న్యూట్రల్‌లో వేయడం. మాన్యువల్ కారులో అది మంచిదే, కానీ టయోటా తరహా హైబ్రిడ్‌లో న్యూట్రల్‌లో ఉంచితే మోటారు-జనరేటర్లకు సంబంధం తెగిపోతుంది, ఇంజన్ నడుస్తున్నా బ్యాటరీకి ఛార్జి అందదు. ఏసీ మాత్రం బ్యాటరీ నుంచే తాగుతుంటుంది. మియాపూర్ దగ్గర ఇరవై నిమిషాలు ఇలా నిలబడితే కంప్యూటర్ ఎంతో జాగ్రత్తగా కాపాడే అడుగు గీతను మీరే దాటించినవారవుతారు. డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టుకోండి, మరీ ఎక్కువసేపైతే పార్క్‌లో వేయండి.

మూడవది కారును నెలల తరబడి కదపకుండా ఉంచడం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రుల కార్లలో ఇది మామూలే. ముందుగా చచ్చేది 12 వోల్టుల మామూలు బ్యాటరీ. అది చవక, మార్చుకోవచ్చు. కానీ పెద్ద బ్యాటరీ కూడా నెమ్మదిగా దానంతటదే ఇంకిపోతూ ఉంటుంది, అది కనిష్ఠ స్థాయి కిందికి జారితే నష్టం తిరగరానిది. రెండు మూడు నెలలకు ఒకసారైనా అరగంట నడపమని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. మన ఎండల్లో నేను నెలకొకసారి చెబుతాను. వీధి చివర దాకా వెళ్లిరావడం చాలదు, ఎవరికైనా తాళం ఇచ్చి అరగంట తిప్పించండి.

సముద్రతీరంలో ఉండేవారికి తేమ వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. విశాఖ, కాకినాడల నుంచి వచ్చిన పాత బ్యాటరీ పెట్టెలు తెరిస్తే, లోపలి గదులను ఒకదానితో ఒకటి కలిపే రాగి పట్టీలు పచ్చగా చిలుము పట్టి కనిపిస్తాయి. అప్పుడు కంప్యూటర్‌కు అందే వోల్టేజి కొలతలే తప్పవుతాయి. పట్టీలు శుభ్రం చేసి బిగిస్తే, చచ్చిపోయిందనుకున్న బ్యాటరీ లేచి కూర్చున్న సందర్భాలు నాకు తెలుసు. వరద నీటిలో మునిగిన హైబ్రిడ్ విషయం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు కార్లు ఎన్నో నీళ్లలో నిలిచాయి. సెకండ్ హ్యాండ్‌లో హైబ్రిడ్ కొనేవారు వెనుక సీటు కింద తివాచీ ఎత్తి బురద గీతలు ఉన్నాయేమో చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు.

ఇంతకీ బ్యాటరీ పోవడమంటే ఏమిటి? మొత్తం ఒక్కసారిగా చావదు. ఉదాహరణకు రెండో తరం ప్రియస్‌లో 28 గుళికలు (మాడ్యూల్స్) వరుసగా కలిపి ఉంటాయి, ఒక్కో గుళికలో ఆరు సెల్స్, మొత్తం 168, వోల్టేజి 201.6. హైక్రాస్‌లోనూ 168 సెల్స్ ఉన్న నికెల్ బ్యాటరీనే వాడారు. మధ్యలో ఉండే గుళికలకు గాలి తక్కువగా తగులుతుంది కాబట్టి తరచూ వాటిలో ఒకటి ముందుగా నీరసిస్తుంది. దండలో ఒక పువ్వు వాడినట్టు ఆ ఒక్క గుళిక వోల్టేజి మిగతావాటికి దూరంగా జరగడం కంప్యూటర్ గమనించి, పీ0ఏ80 అనే, లోపాన్ని తెలిపే సంకేతంతో బ్యాటరీ మొత్తాన్ని మార్చమంటుంది. అప్పుడు బయటి మెకానిక్కులు ఆ ఒక్కదాన్ని మార్చి చవకగా తేల్చేస్తామంటారు. కాలిఫోర్నియాలో నేనూ ఈ పని చేశాను. ఆరు నెలలు గడిచేసరికి పక్కదో, దాని పక్కదో పడిపోతుంది, ఎందుకంటే అవన్నీ ఒకే వయసువి. పాత కారును ఏడాదిలో అమ్మేసేవారికి తప్ప ఆ బాగుచేత నేను ఎవరికీ సిఫారసు చేయను. పైగా అది రెండు వందల వోల్టులు. నారింజ రంగు తీగలను తాకడానికి శిక్షణ, తగిన చేతి తొడుగులు లేనివారి చేతికి ఇవ్వకూడదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా అంచనా ఇది: మన వాతావరణంలో, జాలీ శుభ్రంగా ఉంచుకుని, నీడలో నిలిపే హైబ్రిడ్ బ్యాటరీ పదేళ్ల నుంచి పన్నెండేళ్లు నిలుస్తుంది, మంచి చేతుల్లో పడితే ఇంకా ఎక్కువే. సొంత కారు రిజిస్ట్రేషన్ మనకు పదిహేనేళ్లకు ఉంటుంది కనుక మహా అయితే జీవితంలో ఒక్కసారి మార్చాల్సి రావచ్చు. ధర మోడల్‌ను బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఎవరో చెప్పిన అంకె నమ్మకుండా, కొనే ముందే షోరూమ్ విడిభాగాల కౌంటర్‌లో బ్యాటరీ పెట్టె ధరను కాగితం మీద రాయించుకోండి. అందులో సగం కారు ఖరీదు కనిపిస్తే నేను ఈ వృత్తి మానేస్తాను.

ఇక రెండవ ప్రశ్న. మీ మిత్రుడు చెప్పిన మాటకు ఒక పుట్టుక ఉంది. అమెరికాలో సీఎన్‌డబ్ల్యూ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2007 ప్రాంతంలో ఒక నివేదిక ప్రచారంలోకి తెచ్చింది. పుట్టుక నుంచి తుక్కు దాకా లెక్కిస్తే మైలుకు ప్రియస్ ఖర్చు చేసే శక్తి కంటే హమ్మర్ అనే భారీ జీపు ఖర్చు చేసేది తక్కువ అని దాని సారాంశం. వినడానికి ఎంత బాగుందో! కానీ లోపల చూస్తే ప్రియస్ 1,09,000 మైళ్లకే తుక్కవుతుందని, పెద్ద హమ్మర్ 3,79,000 మైళ్లు తిరుగుతుందని ముందే అనుకుని లెక్క మొదలుపెట్టారు. తయారీ భారాన్ని తక్కువ మైళ్లకు పంచితే మైలుకు ఎక్కువ పడక ఏమవుతుంది? అంటే బ్యాటరీ ఆయుష్షు గురించిన అపోహే పర్యావరణం గురించిన అపోహకు పునాది అయింది. కాలిఫోర్నియాలోని పసిఫిక్ ఇన్‌స్టిట్యూట్ అదే ఏడాది ఆ నివేదిక లోపాలను విడమరిచి చూపింది, కానీ ఖండన ఎప్పుడూ పుకారంత దూరం ప్రయాణించదు.

ఆ రోజుల్లోనే కెనడాలోని సడ్‌బరీ నికెల్ గనుల చుట్టూ నేల చంద్రుడి ఉపరితలంలా మారిందని, దానికి ప్రియస్ బ్యాటరీలే కారణమని ఒక బ్రిటిష్ పత్రిక రాసి, తర్వాత ఆ కథనాన్ని వెనక్కి తీసుకుంది. సడ్‌బరీలో నేల మాడిపోయిన మాట నిజమే. అక్కడ 1880ల నుంచి ఖనిజాన్ని కరిగిస్తున్నారు. ఆ గంధకపు పొగలకు చెట్లు చచ్చి రాళ్లు నల్లబడ్డాయి. పొగను దూరంగా పంపడానికి 381 మీటర్ల చిమ్నీ కట్టింది 1972లో; మళ్లీ మొక్కలు నాటే పెద్ద కార్యక్రమం మొదలైంది 1978లో. చంద్రుడి మీదికి వెళ్లే అపోలో వ్యోమగాములు భూగర్భశాస్త్ర శిక్షణకు అక్కడికి వెళ్లింది 1970ల తొలినాళ్లలో. 1997లో పుట్టిన కారు మీద ఈ నేరం ఎలా మోపుతారు? ఆ నికెల్‌లో అత్యధిక భాగం మన వంటింటి స్టీలు గిన్నెల్లాంటి వాటికే పోతుంది. ఇది గనులకు ఇచ్చే యోగ్యతాపత్రం కాదు. నేడు ప్రపంచ నికెల్‌లో సగానికి పైగా తవ్వుతున్న ఇండోనేషియాలో బొగ్గు కరెంటుతో నడిచే కొలిమిలు, కాంగోలో కోబాల్టు గనులు, చైనాలోని బావోటౌ దగ్గర అరుదైన మృత్తికల (రేర్ ఎర్త్ లోహాల) వ్యర్థాల చెరువు, ఇవన్నీ నిజమైన గాయాలే. హైబ్రిడ్ కారు వాటిలో ఎంత వాటా తీసుకుంటున్నదన్నదే ప్రశ్న, దానికి మళ్లీ ముప్పావు యూనిట్ దగ్గరికే వెళ్లాలి.

లెక్క చూద్దాం. లిథియం బ్యాటరీ ఒక యూనిట్ సామర్థ్యం తయారీకి 150 నుంచి 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని స్వీడన్‌కు చెందిన ఐవీఎల్ పర్యావరణ పరిశోధన సంస్థ 2017లో అంచనా వేసింది. కర్మాగారాలు పెద్దవై పద్ధతులు మెరుగుపడ్డాక 2019లో అదే సంస్థ దాన్ని 61 నుంచి 106 కిలోలకు సవరించింది. సవరించిన అంకె ప్రకారం 0.76 యూనిట్ల బ్యాటరీ తయారీలో వెలువడేది 46 నుంచి 81 కిలోలు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే బ్యాటరీ మొత్తం తయారీ భారం 20 నుంచి 35 లీటర్ల పెట్రోలుతో సమానం. హైరైడర్ ట్యాంకు 45 లీటర్లు పడుతుంది. ఒక్క ట్యాంకు కూడా నిండదు! పాత అంకెలో పెద్దదాన్నే తీసుకున్నా ఒకటిన్నర ట్యాంకు.

ఇప్పుడు మీ వాడకం తీసుకుందాం. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు, ఉప్పల్-గచ్చిబౌలి రద్దీలో అది చేతికి రాదు. నిజ జీవితంలో హైబ్రిడ్ 20, అదే పరిమాణంలోని మామూలు పెట్రోలు కారు 14 ఇస్తాయని అనుకుంటే, ఏడాదికి 15,000 కిలోమీటర్లకు 750 లీటర్లు ఒకదానికి, 1,071 లీటర్లు మరొకదానికి. మిగిలేది 321 లీటర్లు, దాదాపు 740 కిలోల కార్బన్ డయాక్సైడ్. బ్యాటరీ 81 కిలోల అప్పు నలభై రోజుల్లో తీరిపోతుంది. మోటార్లు, ఇన్వర్టర్, తీగలు అన్నీ కలిపి భారాన్ని మూడింతలు చేసినా నాలుగు నెలలు దాటదు. మీ మిత్రుడు ఈ లెక్కలో తయారీ భారాన్ని ఇంకా రెట్టింపు చేసుకోవచ్చు, ఫలితం తారుమారు కాదు.

హైవే మీద మాత్రం ఈ ఆదా కుంచించుకుపోతుందని గుర్తుంచుకోండి. విజయవాడ దారిలో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఒకే తీరున సాగే కారుకు బ్రేకులే తక్కువ, వెనక్కి పట్టుకోవడానికి శక్తి ఉండదు. నెలలో ఇరవై రోజులు హైవే మీద తిరిగే మెడికల్ రెప్రజెంటేటివ్‌కు నేను హైబ్రిడ్ చెప్పను. మీది నగరం కాబట్టి చెబుతున్నాను.

ఇంతవరకు హైబ్రిడ్ తరఫున మాట్లాడాను. ఇప్పుడు ఎదుటి పక్షం. బ్యాటరీ నిర్దోషి అని తేలినంత మాత్రాన కారు నిర్దోషి కాదు. ఏడాదికి 750 లీటర్ల చొప్పున పదేళ్లలో మీరు 7,500 లీటర్ల పెట్రోలు కాలుస్తారు. పొగగొట్టం నుంచే 17 టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, చమురు తవ్వి శుద్ధి చేసి తెచ్చేటప్పుడు వెలువడేది ఇంకో అయిదో వంతు. దానిముందు బ్యాటరీ వాటా అర శాతం కూడా కాదు. హైబ్రిడ్ మీద పర్యావరణవాదులు చేయదగ్గ న్యాయమైన విమర్శ ఇదే, బ్యాటరీ మీద చేసేది కాదు. పూర్తి విద్యుత్ కారుతో పోలిస్తే ఎలా ఉంటుందని మీరు అడగలేదు గానీ, అడగకపోయినా ఆ ప్రశ్న వస్తుంది. మన గ్రిడ్‌లో, అంటే దేశ విద్యుత్ సరఫరా వ్యవస్థలో, ఒక యూనిట్ కరెంటుకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. కిలోమీటరుకు 0.15 యూనిట్లు తాగే విద్యుత్ కారు ఏడాదికి దాదాపు 1,600 కిలోలు, హైబ్రిడ్ చమురు శుద్ధి భారంతో కలిపి 2,070 కిలోలు. తేడా ఉంది, కానీ 40 యూనిట్ల బ్యాటరీ రెండున్నర నుంచి నాలుగు టన్నుల అప్పుతో పుడుతుంది కాబట్టి నేటి గ్రిడ్‌తో అది తీరడానికి ఐదు నుంచి తొమ్మిదేళ్లు పట్టవచ్చు. గ్రిడ్ శుభ్రపడేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. మీ ఇంటి డాబా మీద సౌర పలకలు ఉండి, కారు పగలు అక్కడే నిలిచే ఉద్యోగమైతే ఒకటి రెండేళ్లలోనే తీరిపోతుంది. అటువంటి వారికి నా సలహా విద్యుత్ కారే. మీది అపార్ట్‌మెంట్ అని, సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింటుకు సొసైటీ ఒప్పుకోలేదని రాశారు కనుక మీకు ఆ దారి ప్రస్తుతానికి మూసి ఉంది.

మిగిలింది బ్యాటరీ చివరి మజిలీ. భూమికి నష్టం నిజంగా పెరిగేది, తగ్గేది ఇక్కడే. నికెల్ బ్యాటరీలో విలువైన నికెల్ ఉంది, కొంత కోబాల్టు, లాంథనం, సీరియం వంటి మృత్తికలు ఉన్నాయి, వాటన్నిటినీ ముంచి ఉంచే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారమూ ఉంది. పద్ధతిగా విప్పితే దాదాపు అన్నీ తిరిగి వస్తాయి. హోండా 2012లోనే ఒక జపాన్ లోహ సంస్థతో కలిసి పాత హైబ్రిడ్ బ్యాటరీల నుంచి అరుదైన మృత్తికలను 80 శాతానికి పైగా రాబట్టే పని మొదలుపెట్టింది. కారుకు పనికిరాని బ్యాటరీ ఇంకో పనికి రావచ్చు కూడా: అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనంలో లామార్ బఫెలో రాంచ్ అనే చోట, కామ్రీ హైబ్రిడ్‌ల నుంచి దించిన 208 పాత బ్యాటరీ పెట్టెలను సౌర విద్యుత్తు నిల్వ చేయడానికి అమర్చారు. ఆ 208 పెట్టెలు కలిపి నిల్వ చేసేది 85 యూనిట్లే. చూడటానికి అది చిన్నదే, కానీ అందులో పొదుపు ఉంది.

మన దగ్గర 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు హైబ్రిడ్ వాహనాల బ్యాటరీలను కూడా విద్యుత్ వాహన బ్యాటరీల కోవలోనే చేర్చి, వాటిని వెనక్కి తీసుకుని పునర్వినియోగానికి పంపే బాధ్యతను తయారీదారు మీదే ఉంచాయి. హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ లిథియం బ్యాటరీల నుంచి లోహాలు రాబట్టే పద్ధతిని రూపొందించగా, 2023లో దాన్ని పరిశ్రమలకు అందజేశారు. అంటే చట్టం ఉంది, విద్య ఉంది. తెగిపోయే లంకె మధ్యలో ఉంటుంది. వారంటీ దాటిన కారు బయటి షెడ్డుకు వెళ్తుంది, పాత బ్యాటరీ పెట్టెకు అక్కడ తూకం మీద డబ్బిస్తారు, తర్వాత అది పాత ఇనుము దుకాణంలో సుత్తి దెబ్బలకు పగిలి, క్షారం మురుగు కాలువలోకి, నికెల్ రేకులు గోనె సంచిలోకి, మిగతాది మంటలోకి పోతుంది. నేను కళ్లారా చూశాను. ముప్పావు యూనిట్ బ్యాటరీ పుట్టుకలో చేయని నష్టం ఆ ఒక్క మధ్యాహ్నంలో చేస్తుంది.

కనుక మీరు కారు కొనవచ్చు. కొనేటప్పుడు మూడు కాగితాలు అడగండి: వారంటీ షరతులు, బ్యాటరీ పెట్టె ధర, పాత బ్యాటరీ వెనక్కి ఇస్తే ఎవరికి అప్పగిస్తారన్న వివరం. పదేళ్ల తర్వాత మార్చాల్సి వచ్చిన రోజున, బయటివాడు నాలుగు వేలు ఎక్కువ ఇస్తానన్నా పాత పెట్టెను అతనికి ఇవ్వకండి. కంపెనీ కేంద్రంలోనే ఇచ్చి, దాని మీద ఉన్న సీరియల్ నంబరుతో సహా రసీదు తీసుకుని మీ ఫైలులో పెట్టుకోండి.